మూత మోగితే ఖాళీ అయ్యే క్యాంపు

మస్కట్ దగ్గర అల్ హైల్‌లో వర్క్‌షాపుల వెనుక ఉన్న కార్మికుల క్యాంపులో భూమేశ్ వంటవాడు. జగిత్యాల దిక్కు మనిషి. మొదట్లో సైట్‌లో ఇనుము కట్టేవాడు. నడుము పట్టేశాక కంపెనీ అతన్ని వంటగదికి మార్చింది. ఎంత శుభ్రమంటే, తన గరిటెను ఇంకొకరు ముట్టుకుంటే మళ్లీ తోమందే అన్నం వండే గంజులో పెట్టడు. అలాంటివాడి వంటగది గుమ్మంలోకి ఈ ఎండాకాలం మురుగు వచ్చింది.

వెనుకున్న సెప్టిక్ ట్యాంకు నిండి, నల్లగా ఉబికి, బియ్యం బస్తాల కిందికి చేరింది. దాని మీద వెంట్రుకలు, షాంపూ పొట్లాలు, ఎంగిలి మెతుకులు తేలేవి. భూమేశ్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని వండేవాడు. వండింది తాను తినలేక, గేటు బయట కూర్చుని కొన్న రొట్టె నీళ్లలో ముంచుకునేవాడు.

"అన్నం ముంగట వెట్టుకుంటె గదే వాసన. సచ్చిన ఎలుక నోట్లె వెట్టుకున్నట్టుంటది," అని నాతో చెబుతున్నప్పుడు కూడా పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

మురుగు లాగే ట్యాంకర్ ఇదివరకు తరచుగా వచ్చేది. ఇప్పుడు ఎప్పుడో గాని రావడం లేదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే అల్ ఖువైర్‌లోని కంపెనీ ఆఫీసు నుంచి విశ్వతేజ అనే యువకుడు ఒట్టి చేతులతో వచ్చాడు. కాకినాడ వైపు అబ్బాయి. మస్కట్ చుట్టుపక్కల ఎక్కడ జనం పెరుగుతారు, ఎక్కడ తగ్గుతారు అని అంచనా కట్టి, దాన్నిబట్టి కంపెనీ క్యాంపులకు ట్యాంకర్లు కేటాయించడం అతని పని.

"మస్కట్ మొత్తమ్మీద జనం పెరుగుతారండీ. అటు రుస్తాఖ్‌లోనూ పెరుగుతారు. మీ క్యాంపు మాత్రం ఏటేటా తగ్గిపోతుందని తేలింది," అన్నాడు ముక్కు మీది రుమాలు తీయకుండానే.

"తగ్గుతమా? మరి గీ పియ్యంత ఎవలిది సార్? రుస్తాఖోళ్లు అచ్చి పోయిండ్రా?"

రూముల ముందున్నవాళ్లు పగలబడి నవ్వారు. విశ్వతేజ నవ్వలేదు.

"లెక్కకి మనుషుల్ని రెండుసార్లు పంపానండీ. రెండుసార్లూ మీరొక్కరే ఉన్నారట. లెక్కలో లేనివాళ్లని ఉన్నారని నేనెలా రాయను?"

ఆ క్యాంపులో ఒక అలవాటుంది. చేతిలో ఫైలుతో కొత్తవాడెవడు గేటు దాటినా భూమేశ్ గరిటెతో గంజు మూత మోగిస్తాడు. అది వినగానే కాగితాలు లేనివాళ్లు వెనుక గోడ దూకి ఎండిన వాగులోకి పోతారు. వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి బయట పని చేసుకుంటున్న ఓంకార్ లాంటివాళ్లు అక్కడ కొద్దిమందే. కానీ కాగితాలున్నవాళ్లూ వెంట దూకుతారు. ఉంటే, మీ రూములో ఇంకా ఎవరుంటారని అడిగితే చెప్పాల్సి వస్తుందని. లెక్క రాయడానికి వచ్చినవాళ్లకూ అదే మూత మోగింది.

"శుక్రవారం నేనే వస్తాను. అందరూ బయట నిలబడి ఉంటే ఆ రోజే ట్యాంకర్ ట్రిప్పులు పెంచేస్తా. పోలీసులూ గట్రా ఎవరూ రారు, నాది పూచీ," అన్నాడు విశ్వతేజ.

శుక్రవారం అందరూ నిలబడ్డారు. ఓంకార్ కూడా.

"భూమన్నా, ఆ గరిటె అవుతల వెట్టు. నీ చెయ్యి ఊకుండది," అన్నాడు ఓంకార్.

"నేను గంత పిచ్చోన్నార? గీ కంపు పోతె సాలు నాకు."

గేటు ముందు కారు ఆగింది. విశ్వతేజ దిగాడు. అతని వెనుకే తెల్లని పొడవాటి అంగీ, దిష్‌దాషా వేసుకున్న ఒమానీ ఒకతను దిగాడు. మెడలో కార్డు, చేతిలో ఫైలు. ఓంకార్ భూమేశ్ వైపు చూశాడు. ఆ చూపుకు తన చెయ్యి దానంతటదే లేచిందంటాడు భూమేశ్.

మూత మోగింది. ఊపిరి తీసే లోపల ఆవరణ ఖాళీ. మురుగులో చెప్పులు మాత్రం మిగిలాయి.

ఒమానీ ముక్కు మూసుకుని చుట్టూ చూశాడు. "కిత్నా నఫర్?" అన్నాడు, ఎంతమంది మనుషులని.

పొయ్యి మీద క్యాంపు మొత్తానికి అన్నం కుతకుతలాడుతోంది. చాలామంది అంటే, ఏరీ అంటాడు. చూపిస్తే ఓంకార్ దొరుకుతాడు.

"ఏక్ నఫర్," అన్నాడు భూమేశ్.

విశ్వతేజ తల పట్టుకున్నాడు. "ఈయన యాసిర్ అండీ. ట్యాంకర్ల కంపెనీ ఆయన. ఇక్కడికిక్కడే సంతకం పెట్టిద్దామని తీసుకొచ్చాను. ఇంకేం పెడతారు?"

కారు వెళ్లిపోయింది. చాలాసేపటికి ఒక్కొక్కరే గోడ దిగి, ఉత్త కాళ్లతో మురుగులోంచే నడిచి, పళ్లేలు పట్టుకుని నేరుగా వంటగదిలోకి వచ్చారు.

"థూ, గలీజు నా కొడుకుల్లార! కాళ్లతోని గదంత లోపటికి తెస్తరా!" భూమేశ్ గరిటె ఝళిపించాడు.

ఓంకార్ అందరికంటే చివర నిలబడి మెల్లగా అడిగాడు. "నా సంగతేమన్న అడిగిండ్రా అన్నా?"

"నువ్వు లేవుర. ఎవ్వలు లేరు. నేనొక్కన్నే తిని, నేనొక్కన్నే గిదంత ఏరిగిన," అని అతని పళ్లెంలో అన్నం గుమ్మరించాడు.

తర్వాత తువ్వాలు ముక్కుకు బిగించి, చీపురు తీసుకుని, గుమ్మంలోని మురుగును బయటికి నెట్టడం మొదలుపెట్టాడు. నెట్టినకొద్దీ అది లోపలికే వచ్చింది.