జ్వరం చూసే చెయ్యి

బాన్సువాడలో నా పెళ్లి వీడియోల దుకాణం పక్కనే, కంప్యూటర్లు బాగుచేసే అన్న ఉండేవాడు. ఎప్పుడు చూసినా సగం నిద్రలో ఉన్నట్టుండేవాడు. నా పాత కంప్యూటర్ వేగం పెంచమంటే, ప్రాసెసర్ వేగాన్ని ఒక్క మెట్టు పెంచి, అరగంట నడిపించి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు డబ్బాకు చేతి వెనకవైపు ఆనించాడు.

"గింతేనా అన్నా?"

"గింతే. వేడి చూసుకుంట రేపు ఇంకో మెట్టు. ఓల్టేజీ మాత్రం ముట్టకు తమ్మీ."

డిగ్రీ చదివినవాణ్ణి కదా, ముట్టాను, ఒకేసారి పెంచేశాను. మరునాడు పెళ్లివాళ్లు వీడియో కోసం వచ్చేసరికి తెర నల్లగా ఉంది. సాయంత్రానికి ఇస్తానన్నాను. కదలకుండా కూర్చున్నారు, అభిమానంతో కాదు.

అన్న ఆవులిస్తూ వచ్చి, అలవాటుగా చెయ్యి ఆనించాడు.

"జ్వరమైతే తగ్గింది. పేషెంటే లేడు."

తన దుకాణంలో ఉన్న ఒక్క సొంత కంప్యూటర్ విప్పి, దాని ప్రాసెసర్ తెచ్చి నా దాంట్లో కాలిపోయినదాని బదులు పెట్టాడు.

"మరి నీకెట్ల అన్నా?"

"నాకేంది, ఇయ్యాల జర పండుకుంట."

పట్టపగలు ఆయన షట్టర్ దించడం చూడటం అదే మొదటిసారి. ఆ ప్రాసెసర్ ఇప్పటికీ నా దగ్గర నడుస్తోంది, దాని మామూలు వేగంతో.