మా నాయనకు పేకముక్కల్లేని కంప్యూటరు

ఉదయగిరి కోట మీద ఎన్ని దండయాత్రలు జరిగాయో చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పాలి. ఆ కోట కింద మా ఇంటి మీద జరిగిన దండయాత్రకు మాత్రం సాక్షిని నేనే, ముద్దాయినీ నేనే. ఏనుగుల్లేవు, ఫిరంగుల్లేవు. మూడు అట్టపెట్టెలతో ఆత్మకూరు బస్సు దిగి, ఆదివారం నాడు కన్నతండ్రి ఇంటిని జయించి, ఆ శనివారానికల్లా చిత్తుగా ఓడిపోయిన వీరుణ్ణి. నవ్వొస్తే ఆపుకోకండి. మా వీధిలో ఎవరూ ఆపుకోలేదు.

తొంభైల చివరి రోజులవి. నేను ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. సెంటరంటే మేడ మీద ఒక గది. అందులోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. చెప్పుల దుమ్ముతో వైరస్ వస్తుందని మా ఓనరు నమ్మకం. సారు కదా అని పిల్లలు నన్నడిగితే నేనూ కాదనలేదు. అదీ అప్పటి నా పరిజ్ఞానం. గర్వం మాత్రం పెన్నా వరదలాగా ఉండేది.

నాయన ఉదయగిరిలో తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి, బాప్టిస్టు సంఘంలో పెద్ద. మా సంఘంలో ఎవరైనా పోతే కొద్దిరోజులకు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పోయినవారి జీవిత చరిత్ర ఆ కూడికలో చదవడం ఆచారం. ఆ చరిత్ర రాసేది ఎప్పుడూ నాయనే. దేవుడి తీర్పు సంగతి తర్వాత, ముందు మాస్టారు ఏం రాస్తాడోనని భయపడి గట్టు తగాదాలు తీర్చుకున్న అన్నదమ్ములున్నారు. జ్వరమొస్తే చాలు, డాక్టరు కన్నా ముందు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, ఏమన్నా అయితే మనది కాస్త బాగా రాయండి" అని చెప్పుకుపోయినవాళ్ళూ ఉన్నారు. నాయన అక్షరాలు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా ఉండేవి. ఒక్కటి కూడా గీత దాటేది కాదు.

అలాంటి నాయనకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇంటి బెల్లు కొట్టాక పిల్లకాయలు బయటపడ్డట్టు అక్షరాలు కాగితమంతా పరుగెత్తాయి. ఒక కూడికలో పాస్టరుగారు చరిత్ర చదువుతూ చదువుతూ సగంలో ఆగారు. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. చివరికి "అలా అలా ఆయన జీవించారు" అని ముగించి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. నాయన ఇంటికొచ్చి కలానికి మూత పెట్టి గూట్లో పెట్టాడు. "ఇంక ఎవరికన్నా చెప్పుకోమను" అన్నాడు అమ్మతో.

ఆ మాట విని నాలోని కొడుకు కరిగిపోయాడు. నాలోని కంప్యూటర్ సారు మాత్రం కాలరెగరేశాడు. అసలు ప్రమాదం వాడితోనే వచ్చింది.

ఆత్మకూరులో సుధాకర్ అని నా స్నేహితుడు. పెళ్ళిపత్రికలు వేసే షాపు వాడిది. విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాడు. నాయనకొక కంప్యూటరు కావాలని వాడి దగ్గరికి వెళ్ళాను.

"నాయన దాంట్లో ఏం చేస్తాడురా?" అన్నాడు.

"రాసుకుంటాడు."

"అయితే విండోస్ వేసిస్తాను. నా షాపులో ఉండేది కూడా అదే గదా."

"విండోసా! దాంట్లో పేకాట ఉండాదిరా!"

పాఠకులు క్షమించాలి, ఇది వేళాకోళం కాదు. ఆ విండోస్‌లో పేకముక్కల ఆట ఒకటి ఉచితంగా వచ్చేది. మా సంఘంలో పేక పట్టిన చెయ్యి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకోకూడదు. అలాంటిది సంఘ పెద్ద ఇంట్లో, బైబిలు పక్కన, ఇస్పేటు రాణి!

"తీసేస్తే పోద్ది గదరా!" అన్నాడు సుధాకర్.

"తీసేసినా, ఉండేదని నాకు తెలుసు గదా."

"నువ్వెప్పుడురా ఇంత భక్తిపరుడివైనావు? పొయిన శనివారం ఇదే కుర్చీలో కూర్చోని పొద్దుగూకే దాకా ఆడింది ఎవురు?"

"అది ప్రాక్టీసు."

భక్తి కన్నా గొప్ప రహస్యం నా సంచిలో ఉంది. ఒక పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీ. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మల్లేవు, పేకల్లేవు. సన్యాసిలాంటి సిస్టం. సుధాకర్ బిగించి ఇచ్చిన కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు దాన్నే ఎక్కించాను. విండోస్ వాడేవాళ్ళు పక్కచక్రాల సైకిలు తొక్కేవాళ్ళని, లైనక్స్ వాడేవాళ్ళు రాకెట్ నడిపేవాళ్ళని నా నమ్మకం. వణికే చేతులున్న పెద్దాయన్ని రాకెట్ ఎక్కించడం ఎందుకని నాకు తోచలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకులు నవ్వుతారు. కొండంత కంప్యూటరు కొన్నాక, నేను పెట్టిన పద్ధతిలో ఆ ఎలుక కూడా కదల్లేదు. మౌసు ఉత్త అలంకారం.

మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దుత్తలూరు దాటేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి నావో మానిటర్‌వో తెలియలేదు. పక్కనున్న ముసలామె, "కొత్త టీవీనా అబ్బయ్యా?" అంది. "కంప్యూటరు" అన్నాను. "అయితే బొమ్మ రాదా?" అంది. "రాదు" అన్నాను గర్వంగా. ఆమె నా వైపు జాలిగా చూసింది. ప్రవక్తలను ఎవరు పట్టించుకుంటారు!

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. కొత్త వస్తువు వస్తే ప్రార్థన చేయించడం మా అలవాటు. బావికి చేయిస్తాం, బర్రెకు చేయిస్తాం, కంప్యూటర్‌కు ఎందుకు చేయించం? వీధి వీధంతా వరండాలో నిలబడింది. పాస్టరుగారు "ఆమేన్" అనగానే స్విచ్ నొక్కాను. తెర మీద తెల్లటి వరుసలు జలజలా పారాయి. పాస్టరుగారు వంగి చూశారు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు.

"తమ్ముడూ, ఇందాకట్నుంచి డీమన్, డీమన్ అని వస్తా ఉండాదే! డీమనంటే దయ్యం గదా?"

"కాదండీ. వెనకాల కనపడకుండా పనిచేసే ప్రోగ్రాములకు ఆ పేరు పెట్టినారు."

"దయ్యం చేసేది కూడా అదే గదా తమ్ముడూ!"

పేకముక్కల్ని తప్పించి దయ్యాల్ని తెచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. పాస్టరుగారు మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకో ప్రార్థన చేశారు. మొదటిదానికన్నా పెద్దది.

తర్వాత యంత్రం ఆగి, ఒక్క మాట అడిగి, రెప్పలార్పుతూ నిలబడింది.

"ఏమంటా ఉండాదిరా?" అన్నాడు నాయన.

"నువ్వెవరని అడగతా ఉండాది."

"నా ఇంట్లోకొచ్చి నన్నే ఎవురంటాదా?"

"పేరు కొట్టు నాయనా. ఆ తర్వాత ఒక రహస్యపు మాట కొట్టాల. అది నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు."

"మీ అమ్మకు తెలియని మాట నాకాడ ఏముండాదిరా?"

"ఉంటే ఇప్పుడే చెప్పేయండి" అంది అమ్మ వంటింట్లోంచి.

నాయన పేరు కొట్టాడు. రహస్యపు మాట కొట్టాడు. అది కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. పక్కవాళ్ళు చూడకుండా అదొక ఏర్పాటు. నాయనకేం తెలుసు? వేలు ఆనలేదేమోననుకుని మళ్ళీ నొక్కాడు. వణుకులో ఒక్కో అక్షరం రెండు మూడు సార్లు పడింది. తప్పు అని వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు.

"ఇంకరెక్ట్ అంటా ఉండాదిరా" అన్నాడు మెల్లగా. ఊళ్ళో సగంమంది పలకల మీద తప్పులు దిద్దిన మనిషి. వీధంతా చూస్తుండగా ఆయనకు తప్పు పడింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడైనా నాకు అర్థం కావాలి కదా! నేనేం చేశాను? రహస్యపు మాట ఎందుకు కనపడదో, లోకంలో దొంగలు ఎన్ని రకాలో అరగంట ఉపన్యసించాను. "ఊరికే అలవాటు నాయనా, వారం పట్టద్ది" అని చెప్పి సాయంత్రం బస్సుకు ఆత్మకూరు వెళ్ళిపోయాను.

మంగళవారం దీనమ్మవ్వ పోయింది.

ఆమె ఒకప్పుడు ఊరూరా నడిచి ఆడవాళ్ళకు బైబిలు కథలు చెప్పి చదువు నేర్పిన మనిషి. అ ఆలు ఇసకలో దిద్దించింది నాయనకు కూడా ఆమే. కూడిక శనివారం అన్నారు. నేను గురువారం సెలవు పెట్టి వచ్చేసరికి నాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజులుగా అదే పనట. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడంది అమ్మ.

"ఇంకెవురికి రాయకపోయినా ఫరవాలేదురా. దీనమ్మక్కకు రాయకుంటే నేను చదువుకోని ఏం లాభం?" అన్నాడు నాయన తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

నేను పక్కన నిలబడ్డాను. చూపుడు వేలికి ఎడమచెయ్యి ఆసరా పెట్టి, ఒక్కో అక్షరం ఊపిరి బిగబట్టి నొక్కాడు. తెర ఒప్పుకుంది! డాలరు గుర్తు ఒకటి వెలిగింది.

"అమ్మయ్య! ఏందిరా ఇది, లోపలికి రాంగానే డబ్బులడగతా ఉండాదే?"

"అంతా అయిపోయింది నాయనా. ఇంక రాసుకోవడమే!" ఉత్సాహంగా, రాసుకునే ప్రోగ్రాము తెరిచి ఇచ్చాను.

నాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. కీబోర్డు వైపు చూశాడు. తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"తెలుగు ఏడుండాదిరా?"

నేను హార్డ్ డిస్కు చూసి ఎంచాను, మెమరీ చూసి ఎంచాను, పేకముక్కలు లేకుండా చూసి మరీ ఎంచాను. తెలుగు మాస్టారి కోసం, తెలుగు చరిత్రలు రాయడం కోసం కొన్న యంత్రంలో తెలుగు ఉందో లేదో చూడలేదు! సుధాకర్ షాపులో రోజూ తెలుగు పెళ్ళిపత్రికలు ఆ విండోస్ లోంచే వచ్చి పడుతుంటే, పక్కన కూర్చుని టీ తాగినవాణ్ణి.

"తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టొచ్చు నాయనా..." అని నసిగాను.

నాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"దీనమ్మక్కకు ఇంగ్లీషు రాదురా" అన్నాడు.

డాలరు పోయిన చోట చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. అమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా ఒక కాగితాల బొత్తి, గూట్లోని కలం నా ముందు పెట్టి వెళ్ళింది. నాయన ముందు కాదు, నా ముందు.

"రాయరా, చెప్తాను" అన్నాడు నాయన.

తెలుగు చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో! నా అక్షరాలు చూస్తే కోళ్ళు కూడా 'ఇది మా గీత కాదు' అంటాయి. ఒత్తు మరిచిన ప్రతిచోటా నాయన మొట్టికాయ వేశాడు. వణికే చెయ్యి కాబట్టి ఒక తప్పుకు రెండు మూడు పడేవి. సాయంత్రం దాకా చెప్పాడు. ఎండలో ఆమె నడిచిన ఊళ్ళు, తరిమిన కుక్కలు, తిట్టి తలుపేసుకుని తర్వాత చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు, అన్నీ. ఒకచోట ఆగి, కిటికీ వైపు చూస్తూ, "ఇట్టా రాయి: ఆమె చేతిలో నా వేలున్నంతసేపు అక్షరం వంకర పోలేదు" అన్నాడు.

రాశాను. ఆ వాక్యంలో ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి.

శనివారం పాస్టరుగారు నా కాగితాలు తీసుకున్నారు. నిలువుగా చూశారు, అడ్డంగా చూశారు. "తమ్ముడూ, ఇది నువ్వే చదవాల" అని తిరిగిచ్చేశారు. చదివాను. ముందు వరుసలో నాయన పెదాలు నాతోపాటు కదిలాయి. కూడిక అయ్యాక జనం నాయన చుట్టూ చేరారు.

"మాస్టారూ, ఇంక మావి కూడా రాస్తారు గదా? ఆ మిషను కుదిరిందా?" అంది ఒక పెద్దామె.

"కుదిరిందమ్మా" అన్నాడు నాయన నా భుజం మీద చెయ్యేసి. "ఇదిగో, ఇదే! దీనికి తెలుగొచ్చు. నువ్వెవరని నన్నడగదు. తప్పు చేస్తే మొట్టేదానికి తల ఉండాది. ఒకటే లోపం, శనివారం శనివారం ఆత్మకూరు నుంచి తెప్పించుకోవాల."

అలా ఎన్నో ఏళ్ళు శనివారాలు ఆ బస్సులో తిరిగాను. ఎందరివో రాశాను. చివరికొకటి, చెప్పేవాళ్ళు లేకుండా నేనొక్కణ్ణే కూర్చుని రాయాల్సి వచ్చింది. అందులో ఒత్తులు ఎక్కడెక్కడ తప్పాయో నాకిప్పటికీ తెలియదు.

కాబట్టి, పాఠక మహాశయులారా, నా బట్టతల మీద కుడిచెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ప్రాణమున్నంతవరకు ఏ పెద్దవాళ్ళకూ కంప్యూటరు ఎంచను, ఎంచేవాళ్ళకు సలహా ఇవ్వను, ఉచితంగా వచ్చే సీడీని గుమ్మం దాటనివ్వను. "మా నాయనకు ఏ సిస్టం మంచిదండీ?" అని ఎవరైనా అడిగితే ఒకే ఒక్క ప్రశ్న వేస్తాను: "శనివారం నీకు తీరికేనా?" అవునన్నారా, కంప్యూటరు కొనవద్దని చెప్పి, బస్సు టైము చెప్పి పంపించేస్తాను.