ఎర్ర కారు మీద వేలిముద్ర

పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి నేను చెక్కుతున్న రెండు సీట్ల రేసు కారుకు ఈ సాయంత్రం చివరి పూత ఎర్ర పెయింటు వేశాను. చెక్క బొమ్మ కారే అయినా తళతళలాడింది. వరండాలో ఆరబెట్టి చాయ్‌కి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కారు తలుపు మీద బొటనవేలి ముద్ర! పక్కనే, బొగ్గు గనిలో షిఫ్టు దిగి వస్తూ ఆగిన కొమురయ్య కాక.

"బొగ్గు చేతులతోని ముట్టుకుంటవా కాకా? కండ్లు కనబడ్తలేవా?" అని గల్లీ అంతా వినపడేలా అరిచాను.

ఆయన తన బొటనవేలు నా ముందు పెట్టాడు. "దీనికి గీతలేడున్నయి సారూ? పార పట్టి పట్టి అరిగిపాయె. ముద్ర సక్కగ పడ్తలేదని రిజిస్టరు కాడ మీరే కసురుకుంటరు గద."

నిజమే. గని హాజరు గుమాస్తాగా ఆ వేలిని రోజూ పట్టి ఒత్తించేది నేనే.

వంగి చూశాను. పెయింటులో ప్రతి గీతా స్పష్టంగా ఉంది. నా బొటనవేలికి ఎర్ర రంగు ఉంది. ఆరిందో లేదోనని లోపలికి వెళ్ళే ముందు నేనే నొక్కి చూశాను.

తప్పయిందని చెప్పాల్సింది పోయి, "చాయ్ తాగుతవా కాకా?" అన్నాను.

"వద్దు సారూ, చేతులు కడుక్కోలే," అని వెళ్ళిపోయాడు.

ఇదంతా రాసి మన గని క్లబ్బు నోటీసు బోర్డుకు అంటిస్తున్నాను. వినాల్సిన మనిషికి చదువు రాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మీలో ఎవరైనా ఆయనకు చదివి వినిపిస్తారా, నేనే పోవాలంటారా?