కోట వాకిట్లో వెలొరిగ బండి

వెలొరిగ మాట కరుకు, మనిషి మొండి. బ్రిటన్ ఉత్తరపు కొండల్లో, రోము సైన్యం కట్టిన కోట కింది పల్లె ఆమెది. ఆ సైన్యంతో జరిగిన పోరులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, లేచి, అతని నాగలి తానే పట్టింది.

ఏటా పంట చేతికి రాగానే సైన్యానికి గోధుమలు తోలాలి. కోట ఎదురుగానే ఉంది, గాదెలూ అందులోనే ఉన్నాయి. అయినా గాదెల అధికారి పుదెన్స్, "ఇక్కడ చోటు లేదు, అడవి అవతలి కోటకు తోలండి" అనేవాడు. చెయ్యి తడిపిన వాళ్ళకు మాత్రం చోటు దొరికేది. తడపలేని వాళ్ళు బురదదారి పట్టేవాళ్ళు. ఆ దారిలోనే ఒక చలికాలం వెలొరిగ ఎద్దు కాలు విరిగి చచ్చింది. మిగిలిన ఎద్దు పక్కన తానే కాడి భుజానికెత్తుకుని బండిని ఇల్లు చేర్చింది.

మరుసటి ఏడు ఆమె అడవిదారి తొక్కలేదు. పల్లె బండ్లన్నిటినీ కోట వాకిలికి అడ్డంగా నిలిపించి, ఎడ్లను విప్పించింది.

పుదెన్స్ ఊగిపోయాడు. "బండ్లు తియ్యవే! తోలు ఒలిపిస్తా!"

"ఒలిపించు బాబూ. ఈ చలికి కప్పుకుందువుగాని."

పల్లె జనం గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే కొత్త గవర్నరు మెసోరియస్ కొండల మీదినుంచి వచ్చాడు. గుర్రముండీ సైనికులతో కలిసి నడిచే మనిషి; వానకు నిలువెల్లా తడిసి ఉన్నాడు. తన కోటలోకి తనకే దారి లేదు. ఇదేమిటని అడిగాడు.

దుబాసీ కాటువిర్ వెలొరిగకు పినతల్లి కొడుకు. "అక్కా, కాస్త మెత్తగా చెప్పవే" అని గొణిగాడు.

"మెత్తగా ఉండడానికి ఇదేమన్నా జున్నా? కత్తితో గెలిచారు, సరే. గెలిచినోడు ఏలుకోవాలి గానీ, తన ఏలుబడిలో ఉన్నవాళ్ళ ఉసురు పోసుకుంటాడా? అడుగు!"

కాటువిర్ ఏదో నాలుగు ముక్కలు నసిగాడు. గవర్నరు ఇద్దరి మొహాలూ చూశాడు. "ఆమె అంతసేపు అరిచింది. నువ్వింతేనా చెప్పేది? మొత్తం చెప్పు."

మొత్తం విన్నాక సైనికుల చేతులు కత్తుల మీదికి పోయాయి. గవర్నరు మాత్రం బండ్ల సందుల్లోంచి దూరి వెళ్ళి గాదెలు తెరిపించాడు. సగానికి సగం ఖాళీ.

"పుదెన్స్, ఈమె బండి నువ్వే తోలుకుని ఆ అవతలి కోటకు పో. దారెలా ఉందో వచ్చి నాకు చెప్పు."

ఆనాటి నుంచి ఎవరి ధాన్యం వాళ్ళ దగ్గరి కోటకే చేరాలని దేశమంతటా ఆజ్ఞ వెళ్ళింది. ఆ తర్వాత గవర్నరు ఎప్పుడు ఆ వైపు వచ్చినా వెలొరిగను పిలిపించి, "ఈ ఏడు తిట్లేమిటి?" అని అడిగేవాడు. ఆమె దగ్గర తిట్లకు కరువెప్పుడు? దారుల గురించి, తాగిన సైనికుల గురించి ఏకరువు పెట్టేది. చాలావరకు చక్కబడేవి.

అతని పేరు మోగేకొద్దీ రోములో పెద్దలకు కన్ను కుట్టింది. వెనక్కి పిలిపించారు. వెళ్ళేరోజు వెలొరిగ బార్లీ కల్లు ముంతతో దారిలో నిలబడింది.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడతను.

"నువ్వు మంచోడివే దొరా. నీలాంటోడు మళ్ళీ రాడు. అయినా అసలు మీరెవరూ రాకపోయుంటే నా మొగుడు బతికుండేవోడు."

గవర్నరు ముంత ఎత్తి చుక్క మిగలకుండా తాగి, రెండు చేతులా తిరిగి ఇచ్చాడు. గుర్రాలు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి, ఆ తర్వాత చేనికి పోయింది. ఇంకా సగం దుక్కి మిగిలే ఉంది.