గోళీబల్లలో ఎర్ర తీగ

రాయపూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఒక గోళీబల్ల ఉండేది. యుద్ధం రోజుల్లో అమెరికా సోల్జర్లు వదిలి వెళ్ళింది. అద్దం కింద ఇనుప గోళీ పరుగెత్తి దేనికైనా తగిలితే గంట మోగేది, బుల్లి దీపాలు ఒకదాని వెనక ఒకటి పూసేవి. ఆ వానాకాలం ఎలుకలు తీగలు కొరికాయి. గంట మిగిలింది, వెలుగు పోయింది. సెక్రటరీ భీమారావు సిగ్నల్ మిస్త్రీ నూకరాజును పిలిచాడు.

నూకరాజుది పాలకొండ వైపు. విజయనగరం పోయే లైనులో మొదటి స్టేషన్ల సిగ్నళ్ళన్నీ అతనే చూసేవాడు. స్తంభాలెక్కి దీపాలు తుడిచేవాడు, పగిలిన రంగుటద్దాలు మార్చేవాడు. పైన గాలి ఎక్కువ, అందుకని చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చేవాడు, వాళ్ళ ఊరి ఆడవాళ్ళలాగా. చూసేవాళ్ళకు అతను నోట్లో చిన్న సూర్యుణ్ణి దాచుకున్నట్టుండేది.

బల్ల వెనక చెక్క ఊడదీసి దీపాల రిలే పట్టుకున్నాడు. కరెంటు వస్తే చుట్టిన రాగితీగ అయస్కాంతమై ఇనుప నాలుకను లాగుతుంది, దీపాలకు దారి కలుస్తుంది. సిగ్నల్ కేబిన్‌లో అలాంటివి అతనికి కొట్టిన పిండి. అక్కడ తీగలన్నీ నల్లవి, ఇత్తడి బిళ్ళల మీద అంకెలు చూసి కలపాలి. ఇక్కడ అంకెలు లేవు. నూలు తొడుగుల మీద రంగులే గుర్తు. తెగిన కొసలు జతచేసి స్విచ్ నొక్కాడు. రిలే చిటుక్కుమంది. దీపాలు రాలేదు, కమురు వాసన వచ్చింది.

అన్నం క్యారియరు తెచ్చిన భార్య బంగారమ్మ లోపలికి తొంగిచూసింది.

"ఏటయ్యా, ఎర్రదానికి ఆకుపచ్చది ముడెట్టీసేవేటి?"

"ఏదే?"

"ఇదిగో. అదిగో, అక్కడా అంతే. కళ్ళు కూడా చుట్టలో ఎట్టి కాల్చీసేవా?"

నూకరాజు వంగి చూశాడు. రెండు తీగలూ తడిసిన మట్టిలా ఒక్కలాగే ఉన్నాయి.

"ఎగతాళాడకు."

"అరే, ఎగతాళేటి! భీమారావు బాబూ, మీరు సూడండి."

భీమారావు నవ్వాడు. "మిస్త్రీజీ, ఇది లాల్, ఇది హరా. ముందు భోంచెయ్యవయ్యా, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి నీకు."

నూకరాజు నోట్లోంచి చుట్ట జారి కింద పడింది. ముతక పొగాకు కళ్ళలోని రంగుల్ని తాగేస్తుందని రైల్వే డాక్టరు తరవాత చెప్పాడు. ఆ క్షణాన అతనికి గుర్తొచ్చింది ఒక్కటే, మందిర్ హసౌద్ స్టేషను. ఆ పొద్దునే అక్కడి సిగ్నల్‌కు పగిలిన ఎర్రద్దం తీసి, పెట్టెలోంచి ఒకటి బిగించి వచ్చాడు. ఏ రంగుది బిగించాడు? పగలైతే డ్రైవరు సిగ్నల్ చెయ్యి చూసి ఆగుతాడు. చీకటి పడితే చెయ్యి కనిపించదు, అద్దం వెనక దీపమే కనిపిస్తుంది. పొద్దుగూకాక విజయనగరం పాసింజరు అటే పోతుంది.

ఆ మాట బంగారమ్మకు చెప్పాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ట్రాలీ మీద నన్నూ తీస్కెల్లు. నాను సూసి సెప్తాను. ఎర్రదే అయితే ఎవులికీ సెప్పక్కర్లేదు."

"ఎల్లేసరికి సీకటడిపోద్దే."

"సెప్తే నౌక్రీ పోద్దయ్యా. క్వార్టరూ పోద్ది."

"బండి నిండా మనుసులుంటారే, బంగారీ."

స్టేషను దాకా పరుగెత్తారు. స్టేషన్ మాస్టర్ సూర్యారావు ముందు నిలబడితే మాటలు ముక్కలుగా వచ్చాయి. "బాబూ, నాకు రంగులు తెలట్లేదు. మందిర్ హసౌద్ సిగ్నలు... పొద్దున అద్దం నానే మార్చేను."

"తాగొచ్చావా?"

"లేదు బాబూ. ఫోను సెయ్యండి. జల్దీ."

సూర్యారావు అతని మొహం చూసి ఇంకేమీ అడగకుండా ఫోను తిప్పాడు. అక్కడి పోర్టరు స్తంభమెక్కి చూడడానికి వెళ్ళాడు. కిటికీలో ఆకాశం మెల్లగా బూడిద అయింది. ఫోను మోగింది. విని, సూర్యారావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సిగ్నల్లో రెండద్దాలూ ఆకుపచ్చే, నూకరాజూ, ఎర్రదే లేదు. పాసింజరు పోయే లైన్లోనే గూడ్సు నిలబడి ఉందట."

బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అద్దం మార్చేదాకా పాసింజరు కదలదన్నాడు సూర్యారావు. అద్దాల పెట్టె అప్పజెప్పి వెళ్ళమన్నాడు. రేపు డాక్టరు, ఆ తరవాత పై ఆఫీసు. నూకరాజు తలూపాడు.

ప్లాట్‌ఫారం మీద జనం విసుక్కుంటున్నారు. సంచులు ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలమ్మ అతని ఖాకీ చొక్కా చూసి కేకేసింది.

"ఓ బాబూ, బండెందుకాపీసేరు? అక్కడ మా పిల్ల నెప్పులు పడతంది. ఏ దరిద్రుడాపించేడు?"

"నానే ఆపించేనమ్మా."

"నీ సేతులిరిగిపోనూ!"

ఆమె ఆగకుండా తిడుతూనే ఉంది. నూకరాజు ఆమె పక్కనే నేల మీద కూలబడి, ఒక్కొక్క తిట్టూ విన్నాడు. బతికున్న గొంతు.