వదిన కాళ్ళ మీద పసుపు నీళ్ళు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. దేవుడి మీద కూడా పరీక్షల నెలలోనే ఉండేది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, ఒడిశాలో బరంపురం బడాబజారులో మా చింతపండు హోల్‌సేలు కొట్లో కూర్చుంటున్నాను. ఎలక్ట్రాన్‌ని నమ్మాను, అదీ మార్కుల కోసం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివాక కొందరు జాలిపడి నాకు తాయెత్తులు పంపుతారు. వద్దు. మా అమ్మ ఇప్పటికే ఒకటి కట్టింది.

మా ఊళ్ళో ఏ పరుగునైనా మారథాన్ అనే అంటారు. మేము పరిగెత్తింది అందులో సగం, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు. స్టేడియం దగ్గర బయల్దేరి, గోపాల్‌పూర్ దారిలో సముద్రపు గాలి మొహానికి తగిలేదాకా పోవాలి. అక్కడ ఒక జెండా. దాని చుట్టూ తిరిగి మళ్ళీ స్టేడియానికి రావాలి. మూడు గంటల్లోపు వస్తే మెడల్. దాటితే చప్పట్లు.

మేము అంటే నేనూ, మా వదినా.

అన్నయ్య కూతురు హారిక తొమ్మిదో తరగతి. పరుగు పందేల్లో జిల్లా దాటి పేరు తెచ్చుకుంది. భువనేశ్వర్‌లో స్పోర్ట్స్ హాస్టల్‌కి ఎంపికైంది. ఇంట్లో అందరం సంతోషించాం, నాన్న తప్ప. ఆడపిల్లలు చదవడం మీద నాన్నకు అభ్యంతరం లేదు, ఉద్యోగాలు చేయడం మీద కూడా లేదు. పరిగెత్తడం మీద ఉంది.

"మన ఇళ్ళల్లో ఆడోళ్ళు రోడ్డు మీద పరిగెడతారేటి?" అన్నారు భోజనాల దగ్గర.

అన్నయ్య కంచంలోకి చూశాడు. కష్టం వచ్చినప్పుడు ఆయన చూసే దిక్కు అదే.

వదిన మజ్జిగ పోస్తూ, "నేను పరిగెడితే పంపుతారా మావయ్యా?" అంది.

నాన్న నవ్వారు. వదినకు నలభై దాటాయి. డాబా మీద వడియాలు ఆరబెట్టి దిగేసరికే ఆయాసపడుతుంది. "సరే. ఆ మారథానేదో మొత్తం పరిగెట్టీసి మెడలట్టుకురా. పిల్లని నానే అట్టుకెళ్ళి దిగబెట్టెస్తాను" అన్నారు.

నాన్న ఓడిపోయే బేరం ఆడరు. కానీ వదిన కూడా దిగపహండిలో వ్యాపారుల ఇంట్లో పుట్టిన మనిషి.

ఆవిడను ఒక్కర్తినీ పంపితే బాగుండదని నన్ను తోడు వేశారు. నా అర్హతల్లా ఇంట్లో పరుగు బూట్లు ఉన్నది నాకే కావడం. అవి ఎందుకు కొన్నానో నాకే గుర్తులేదు. హారిక మా కోచ్. నెలల తరబడి తెల్లవారకముందే లేపి, నోట్లో ఈల పెట్టుకుని, మా ఇద్దర్నీ మేకల్ని తోలినట్టు తోలింది. మధ్యలో ఇది సగం మారథాన్ అని నాన్నకు ఎవరో చెప్పారు. "సగం పరుగుకి పూర్తి మెడలేటి?" అని ఒక రోజంతా బేరం రద్దు చేశారు. ఆ సగం ఎంత దూరమో స్కూటర్ మీద తిప్పి చూపించాక బేరం మళ్ళీ ఖాయం చేశారు.

పరుగు రోజు పొద్దున స్టేడియం దగ్గర చూడాలి. డాక్టర్లు, పోలీసులు, కాలేజీ పిల్లలు, పెళ్ళి ముస్తాబులో ఒక జంట, మైకులో పాటలు, కుర్రాళ్ళ డప్పులు. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఉత్సాహంతోనే లెండి, రెండో రకం గగుర్పాటుకు ఇంకా టైముంది. వదిన చుడీదారు మీద చున్నీ అడ్డంగా బిగించి, పిన్నులు పెట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. తుపాకీ పేలగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలేసింది. ఆ వదిలేయడం నాకు భలే నచ్చింది.

బజారు వీధుల్లో జనం రెండు వరసల్లో నిలబడి, "భావుజ, దౌడ, దౌడ" అని ఒడియాలో కేకలు. వదినను భావుజ అంటారు. కాసేపట్లో ఆవిడ ఊరందరికీ వదినైపోయింది. చేతులు చాచిన చిన్నపిల్లలందరి అరచేతులూ తడుతూ, నవ్వుతూ పోతోంది. మూడో పిల్లాడి దగ్గరకే నాకు రొప్పు.

ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక పల్లె ఉంది. మా వైపు అమ్మవారి జాతరలో ఘటం ఎత్తుకున్న మనిషి వీధిలోకి వస్తే, ఆడవాళ్ళు ఎదురొచ్చి కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. ఆ పల్లెలో ముసలమ్మలకు పొద్దున్నే ఏం కనిపించింది? డప్పులు, రోడ్డు మూసిన పోలీసులు, ఒకే దిక్కుకు పరుగెడుతున్న వందల మంది. వాళ్ళు తీసుకోవాల్సిన నిర్ణయం వాళ్ళు తీసుకున్నారు. బిందెలతో, వేపమండలతో వరసగా నిలబడ్డారు. నా ముందు ఒక డాక్టరుగారు ఇంగ్లీషులో వద్దంటున్నారు. ఆయనకు పోసేశారు. తర్వాత నాకు.

"గటమేదిరా బాబూ?" అంది ఒకామె, రోడ్డు అంతా వెతుకుతూ.

"ఎనకాలొత్తంది" అన్నాను. పాపం, ఇంకో బిందె కలపడానికి లోపలికి పరిగెత్తింది.

వదిన మాత్రం రోడ్డు అవతలి అంచుకు తప్పుకుంది. తడి సాక్సుతో పరిగెడితే బొబ్బలెక్కుతాయని హారిక బెదిరించి పెట్టింది. నా బూట్లు పచ్చగా నీళ్ళు కక్కుతుంటే ఆవిడ తెల్ల సాక్సులు తెల్లగానే ఉన్నాయి. ఈ సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. అసూయపడ్డ విషయాలు మనిషి మర్చిపోడు.

జెండా దాకా బాగానే వెళ్ళాం. తిరిగేటప్పుడు ఎండ ఎక్కింది. ఒక్కొక్కరూ మమ్మల్ని దాటి వెళ్ళారు, పెళ్ళి జంటతో సహా. చివరికి మా వెనక మిగిలింది అంబులెన్సు ఒక్కటే. అందరికంటే వెనకబడ్డవాళ్ళ వెంట రావడం దాని పని. అందులోకి ఎక్కితే పరుగు అయిపోయినట్టే. డ్రైవరు ఒడియా ఆయన, ఓపికున్న మనిషి. మా వేగానికి బండి నడపలేక, దిగి టీ తాగి మళ్ళీ వచ్చి మమ్మల్ని అందుకునేవాడు.

ఒకచోట రోడ్డుకు రెండు పక్కలా మొగలి పొదలే. ఇళ్ళు లేవు, కొట్లు లేవు. ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ వదిన కాలు పట్టేసింది. రోడ్డు అంచున కూలబడింది. పిక్క గట్టిగా రాయిలా ఉంది. అప్పటికప్పుడు లేచి పరిగెడితే మెడల్ దక్కుతుంది, లేకపోతే లేదు. అంబులెన్సు ఆగింది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాం.

"అయిపోనాది సూరిబాబూ" అంది వదిన. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. హారిక పేరు కూడా వాడుకున్నాను. లాభం లేకపోయింది. రోడ్డు అవతలికి వెళ్ళి వంగి నిలబడ్డాను. కక్కు రాలేదు. తల ఎత్తి ఇటు రెండడుగులు వేశాను.

మొగలి పొదల వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ముదురాకుపచ్చ నేతచీర, పిక్కల పైకి ఎత్తి కట్టింది. చేతిలో ఇత్తడి చెంబు. ఒక చెవి తమ్మె తెగి రెండుగా ఉంది. పొట్టి మనిషి. చరచరా వచ్చింది, ఆలస్యమైన మనిషిలా.

"ఏట్రా గుడ్లప్పగించి సూత్తన్నావు? పక్కకి తప్పుకో" అంది నన్ను.

తప్పుకున్నాను. మా ఇంటి పెంపకం అది.

ఆమె వంగి వదిన కాళ్ళ మీద చెంబు కుమ్మరించింది. పసుపు నీళ్ళు. "లెగు పిట్టా, లెగు. ఇంకెంత, వచ్చీసినావు" అంది. నా పిక్క మీద కూడా చుక్కలు పడ్డాయి. ఆ ఎండలో ఐసు పెట్టెలోంచి తీసినట్టున్నాయి.

వదిన లేచింది. లేచి, పరిగెత్తింది. అన్ని నెలలూ నేను చూసిన పరుగు అది కాదు. మా ఇంట్లో ఆ పరుగు హారికకు ఒక్కదానికే ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ముసలమ్మకు దండం పెడదామని తిరిగాను. రోడ్డు, పొదలు, స్ట్రెచరు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ డ్రైవరు. పొదల్లోకి వెళ్ళిపోయిందనుకున్నాను. మొగలి పొదల్లోకి ఎవరూ అంత సులువుగా వెళ్ళరని, ఆ ఆకులు రంపాల్లా కోస్తాయని అప్పుడు తట్టలేదు. వదిన మలుపు తిరిగిపోతోంది. తోడు వెళ్ళమన్నది నన్ను. పరిగెత్తాను.

అందుకోలేకపోయాను. బజారు వీధుల్లోకి వచ్చేసరికి ముందు ఎక్కడో "భావుజ, ఆఉ టికే, ఆఉ టికే" అని గోల. ఇంకొంచెమే, ఇంకొంచెమే అని. పోలీసులు కూడా అరుస్తున్నారు. స్టేడియం గేటు దగ్గరకు చేరి చూస్తే, పెద్ద గడియారంలో మూడో గంట చివరి నిమిషం నడుస్తోంది. ట్రాక్ మీద వదిన ఒక్కర్తే. చున్నీ ఎప్పుడో జారి నడుముకు చుట్టుకుంది. పక్కన గడ్డి మీద హారిక, ఈల సంగతి మర్చిపోయి, గొంతు చించుకుంటూ తల్లితో పాటు పరిగెడుతోంది.

కంచె దగ్గర మా నాన్న ఉన్నారు. కూరల కోసం వచ్చి అటుగా ఆగానని తర్వాత చెప్పారు. స్టేడియంలో కూరలు అమ్మరు. వదిన గీత దాటగానే సంచీ పైకెత్తి గిరగిరా తిప్పారు. బెండకాయలు నలుగురి నెత్తిన పడ్డాయి.

గడియారం ఇంకా మూడు చూపించలేదు. నేను వెళ్ళేసరికి చూపించేసింది. నాకు చప్పట్లు, అరటిపండు వచ్చాయి.

వదిన గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. సాక్సులు పచ్చగా, తడిగా ఉన్నాయి. మెడలో మెడల్. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సూరిబాబూ, నువ్వు ఆ నీళ్ళు పొయ్యకపోతే నేను లేచేదాన్ని కాదు" అంది.

"నేనెక్కడ పోశాను? ఆ ముసలమ్మ కదా" అన్నాను.

"ఏ ముసలమ్మ?"

పరాచికం అనుకున్నాను. మా ఇంట్లో ఆ పని నాదే, వదిన చేయదు. ఆవిడ వరసగా చెప్పింది. నేను రోడ్డు అవతలి నుంచి చెంబు పట్టుకుని వచ్చానట. వంగి నీళ్ళు పోశానట. "లెగు పిట్టా, లెగు. ఇంకెంత, వచ్చీసినావు" అన్నానట. నేను విన్న మాటలు ఇంకా ఆవిడకు చెప్పలేదు.

"బళ్ళో పరుగు పందేలప్పుడు నన్ను పిట్టా అనేవోళ్ళు. మీ అన్నయ్యక్కూడా తెలీదు. నీకెవరు సెప్పారు?" అంది. సాక్సు పిండుతూ, "ఇంకోటి. నీళ్ళు పోసే ముందు ఎవరినో కసిరావు, గుడ్లప్పగించి సూత్తన్నావని. పక్కకి తప్పుకోమన్నావు. ఎవర్ని?" అని అడిగింది.

"నన్నే" అన్నాను. ఇంతకంటే నిజమైన జవాబు నేను జీవితంలో ఇవ్వలేదు, ఇంతకంటే అర్థంలేనిదీ ఇవ్వలేదు.

డ్రైవరు ఉన్నాడు కదా అని ధైర్యం తెచ్చుకుని అడిగాను. ఆయన స్ట్రెచరు దించి తిరిగేసరికి నేను రోడ్డు మధ్యలో ఖాళీ చేతులతో నిలబడి ఉన్నానట. అలా ఉన్నవాణ్ణి, ఎవరో చెప్పినట్టు పక్కకు జరిగానట. భావుజ కాళ్ళు వాటంతటవే తడిశాయట. ముసలమ్మ లేదు. చెంబు లేదు. ఇదంతా చెప్పి, "మీది ఏ ఊరి అమ్మవారు?" అని ఒడియాలో మర్యాదగా అడిగాడు.

అంటే దయ్యాన్ని చూసింది ఎవరయ్యా అంటే, నేను ముసలమ్మను చూశాను, వదిన నన్ను చూసింది. ఆవిడ లెక్కన ఆ పూట దయ్యం నేనే.

ఫిజిక్సు చదివినవాడిగా ప్రయత్నించాను. ఎండదెబ్బ ఒకరికి తగులుతుంది, ఇద్దరికి తగులుతుంది. ఇద్దరి చెవుల్లో ఒకే మాట పెట్టదు, సాక్సులకు పసుపు పుయ్యదు. పల్లె ఆడవాళ్ళలో ఒకామె వచ్చి ఉండొచ్చని అన్నయ్యా నేనూ స్కూటర్ మీద వెళ్ళి చూశాం. ఆ పల్లె అక్కడికి బాగా దూరం. తెగిన చెవి ముసలమ్మ వాళ్ళలో లేదు. ఆ రోజు ఎవరూ అంతదూరం రాలేదన్నారు. పొదల దగ్గర బావి లేదు, కుళాయి లేదు, మనిషి దూరే సందు లేదు. చెయ్యి పెట్టి చూసి అన్నయ్య మోచేయి దాకా గీసుకున్నాడు. దిగపహండిలో వదిన వాళ్ళమ్మను కూడా అడిగాను, అలాంటి పెద్దావిడ మీ వంశంలో ఎవరైనా ఉండేవారా అని. ఆవిడ వేళ్ళ మీద అందర్నీ లెక్కపెట్టి, ఎవరూ లేరు బాబూ అంది. ఉన్నారంటే బాగుండేది. మన మనిషే అనుకుని నిద్రపోయేవాణ్ణి.

నాన్న మాట తప్పలేదు. హాస్టల్ తెరిచే రోజు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, హారిక ట్రంకుపెట్టె తనే మోసుకుని బరంపురం స్టేషనుకు వచ్చారు. మోయనివ్వమని అడిగిన అన్నయ్యను కసిరారు. రైలు కదిలింది. కిటికీలోంచి హారిక చెయ్యి, దాని పక్కన, కొంచెం సిగ్గుపడుతూ, నాన్న చెయ్యి.

అవి కనబడనంత దూరం పోయాక వదిన నా వైపు తిరిగింది. "నీవల్లే ఎక్కింది ఈ రైలు" అంది.

"నేను కాదు వదినా. ఎన్నిసార్లు చెప్పను?"

"సర్లే, నువ్వు కాదులే" అని, మంచివాళ్ళు చేసిన మేలు ఒప్పుకోరన్నట్టు నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు చుట్టాల్లో నాకు వినయవంతుడని పేరు. కాదని చెప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరుగుతోంది. ఆ నీళ్ళు పోసింది నేను కాదు, అంతవరకు నాకు తెలుసు. ఎవరో ఇప్పటికీ తెలీదు.