మిర్చి బస్తాల గది నాకే కావాలన్నాను

ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. ఏటా ముత్యాలమ్మ బోనాల రోజు నా మీదికి అమ్మవారు వస్తుంది. డప్పు గట్టిగా మోగిందంటే నా కాళ్లు నా మాట వినవు. చేతికి వేప మండ ఇస్తారు, కాళ్లకు పసుపు నీళ్లు పోస్తారు, కర్పూరం వెలిగించి "ఏం గావాలె తల్లీ" అని అడుగుతారు. తల్లి అడిగింది ఊరు చేసి పెడుతుంది. మిగతా రోజుల్లో నన్నెవరూ ఏమీ అడగరు, కూరలో ఉప్పెందుకు ఎక్కువైందని తప్ప.

నిరుడు ఎండాకాలం మధ్యాహ్నం పూట కునుకు తీస్తూ అరవడం మొదలుపెట్టాను. ఎప్పుడూ ఒకటే కల. నెత్తిన బోనం ఉంటుంది. ఇంటి నిండా జనం, సామాను. దాన్ని దించుదామంటే జాగా ఉండదు. నా అరుపులకు కోడలు భయపడి, కొత్తగూడెంలో మనసు డాక్టరమ్మ ఉందట, పోదాం పద అత్తమ్మా అంది.

మా ముసలాయన చుట్ట ఆర్పి మరీ అడ్డు తగిలాడు. "దీనికెందుకు మనసు డాక్టరు? పెండ్లయినకాడి నుంచి అవసరం నాకుండె. నన్నెవరన్న తీస్కపోయిండ్రా?"

ఆ డాక్టరమ్మ సూది వేయలేదు, బిళ్లలు రాయలేదు, నాలుక చూపించమనలేదు. కల చెప్పమంది. బస్సు కిరాయి దండగయిందనుకున్నాను. వచ్చేటప్పుడు చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. నాకు అక్షరాలు వచ్చింది నాయనమ్మనయ్యాక, మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి. అందుకని ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. మనం నోరు నొక్కి కూర్చోబెట్టిన మనిషి లోపల చచ్చిపోదట, వేరే వేషం కట్టుకుని బయటికొస్తుందట. అది చదివి పుస్తకం మూసి బియ్యం చెరగడానికి పోయాను. చెరుగుతున్నంతసేపూ అదే మాట.

మళ్లీ పోయినప్పుడు డాక్టరమ్మ అడిగింది, "అమ్మవారు మీ నోట ఇన్నేళ్లూ ఏమేం అడిగిందమ్మా?"

"బోరింగు బాగు చేయించుమన్నది. గుడికాడ సర్పంచిని చెప్పులు ఇడువుమన్నది. ఒక యేడు మా ముసలాయన్ని కల్లు బంద్ చేయుమన్నది. ఇంకో యేడు మా ఆడబిడ్డను వాళ్లింటికి పొమ్మన్నది."

డాక్టరమ్మ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇవన్నీ మీకు కూడా కావాలా?"

"కావాల్నమ్మా."

"మరి మీరెప్పుడైనా అడిగారా?"

"నేనెందుకడుగుత? ఆమె అడుగుతుండె గద."

ఆ మాట అన్నాక నాకే ఎట్లానో అయింది. అమ్మవారు రావడం అబద్ధమని డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను. ఆ వేడి తెలిసినదాన్ని. కానీ మా ఆడబిడ్డతో ముత్యాలమ్మకు ఏం పని ఉంటుంది చెప్పండి. లేచి వచ్చేటప్పుడు ఆమె ఇంకో మాట అడిగింది, ఆ కలలో బోనం ఎక్కడ దించాలని ఉందని. ఆలోచించకుండానే, మిర్చి బస్తాల గదిలో అనేశాను. మా ఇంట్లో తలుపుకు గడియ ఉన్న చిన్న గది అదొక్కటే. రేటు రాలేదని మా కొడుకు అందులో బస్తాలు నింపి పెట్టాడు.

బోనాలు దగ్గర పడుతున్నాయి. ఆ రోజు ఊగుతూ ఒక్క మాటంటే చాలు, కర్పూరం ఆరేలోగా గది ఖాళీ అవుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ అట్లా తీసుకుంటే, డప్పు లేనప్పుడు నాలో అసలు ఎవరైనా ఉన్నారా లేదా అన్నది నాకు చచ్చేదాకా తెలియదు. అందుకని నా నోటితోనే అడగాలనుకున్నాను.

పొద్దున అందరూ తినేటప్పుడు చెప్పాను. "ఆ మిర్చి గది ఖాళీ చెయ్యాలె. నాకు గావాలె."

మా కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా లేచి చెయ్యి కడుక్కుని, దండం పెట్టి, "ఏ తల్లివమ్మా?" అన్నాడు. కోడలు కర్పూరం కోసం ఉరికింది. మా ముసలాయన చెంబులో తాగే నీళ్లు నా కాళ్ల మీద పోసి, "డప్పు లేకుండనే వచ్చిందిరా" అన్నాడు.

"ముత్యాలమ్మను గాదురా. నిన్ను గన్నదాన్ని. నేనే అడుగుతున్న."

"నువ్వేనా?" వాడు మళ్లీ కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. "అయితే మిర్చి అమ్మినంక చూద్దం తియ్యమ్మా."

కోడలు వెలిగించిన కర్పూరాన్ని ఏం చేయాలో తెలియక దేవుడి పటం ముందు పెట్టింది. మా ముసలాయన నా పక్కకు జరిగి, "జర ఊగితే అయిపోతుండె గదనే. ఊకె అడిగితె ఎవరిస్తరు?" అని సలహా ఇచ్చాడు.

కోపంతో మోకాళ్లు వణికాయి. ఆ వణుకు నాకు కొత్త కాదు. కొంచెం వదిలేస్తే చాలు, గది నాదే. తడి కాళ్లతో దర్వాజా పట్టుకుని, అది తగ్గేదాకా నిలబడ్డాను.

"ఊగను. నాకు గది గావాలె. తలుపేసుకుని కూసుంట."

"తలుపేసుకుని ఏం జేస్తవే?" అన్నాడు కొడుకు.

"తెల్వదు. కూసుంటె గద తెలిసేది."

"ఇయ్యకపోతే?"

"అడుగుతనే ఉంట. ఆమె యేడాదికొక్కసారి అడుగుతది. నేను రోజూ అడుగుత."

అడిగాను. వాడు ట్రాక్టరు ఎక్కుతుంటే అడిగాను, స్నానం చేస్తుంటే బయట నిలబడి అడిగాను, మిర్చి చూడ్డానికి వచ్చిన సేటు ముందు అడిగాను. బోనాలు రాకముందే వాడు బస్తాలు మోసి పశువుల కొట్టంలో వేశాడు. మోస్తున్నంతసేపూ ముత్యాలమ్మే నయమని గొణిగాడు.

గది ఊడ్చి, చాప వేసుకుని, గడియ పెట్టుకున్నాను. నేల సందుల్లో, గోడల్లో ఇంకా కారం ఘాటే. కూర్చోగానే తుమ్ములు అందుకున్నాయి.

తలుపు అవతల నుంచి మా ముసలాయన గొంతు. "ఏం జేస్తున్నవే లోపల?"

"తుమ్ముతున్న."

"బయటికి రారాదు మరి."

"రాను. ఇంక జరసేపు తుమ్ముత."